మైఎస్‌క్యూఎల్ మొహమాటం, పోస్ట్‌గ్రెస్ పేచీ
మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ రెండూ డేటాబేస్ సాఫ్ట్‌వేర్లే. వాటిలో పిన్‌కోడ్ కాలమ్‌ని టెక్స్ట్‌గా పెట్టి, క్వెరీలో (డేటా అడిగే ఆదేశంలో) కోట్స్ లేకుండా 0తో పోల్చామనుకోండి. మైఎస్‌క్యూఎల్ ఓ వార్నింగ్ పడేసి ఊరుకుంటుంది. అంకెలు లేని మాటలన్నిటినీ సున్నాగా లెక్కేసి, 'తెలియదు' అని రాసిన వరసలను కూడా తెచ్చి ముందు పెడుతుంది. పోస్ట్‌గ్రెస్ అయితే టెక్స్ట్‌ని అంకెతో పోల్చే ఆపరేటరే లేదంటూ అక్కడే ఆపేస్తుంది. చిరాకేస్తుంది గానీ, నాకీ పేచీకోరే నయం. ఎర్రర్ రాని తప్పును వెతకడానికి ఓసారి సాయంత్రమంతా పోయింది.

భాగహారంలో కథ తిరగబడుతుంది. 5ని 2తో భాగిస్తే మైఎస్‌క్యూఎల్ రెండున్నర ఇస్తుంది. పోస్ట్‌గ్రెస్ మాత్రం నోరెత్తకుండా 2 ఇస్తుంది, 5.0 అని రాస్తే దారికొస్తుంది.

క్వెరీ షరతుల్లో ఆండ్ (AND), ఆర్ (OR) కలిపి రాస్తే రెండింటిలోనూ ఆండ్‌దే ముందు వంతు. ఆర్ భాగాన్ని బ్రాకెట్లలో పెట్టకపోతే రెండూ ఒకేలా ముంచుతాయి.