పాత ట్రాక్టరుకు గేర్ రిడక్షన్ సెల్ఫ్: కొన్నేళ్ల వాడకం తరువాత

మా పాత మూడు సిలిండర్ల ట్రాక్టరుకు మొదటి నుంచీ ఉన్న డైరెక్ట్ డ్రైవ్ (లోపల వేగం తగ్గించే పళ్లచక్రాలు లేని) సెల్ఫ్ మోటారును, అంటే ఇంజిన్‌ను తిప్పి స్టార్టు చేసే మోటారును తీసివేసి, ఆ పళ్లచక్రాలుండే గేర్ రిడక్షన్ రకం బిగించి కొన్నేళ్లయింది. కృష్ణా డెల్టాలో వరి పండించే మాకు ట్రాక్టరు ఖరీఫ్‌లో దమ్ము చక్రాలతో బురదలోనూ, కోతల తరువాత ధాన్యం తోలేటప్పుడు దుమ్ములోనూ తిరుగుతుంది కనుక, ఈ మోటారు రెండింటినీ చూసింది. దాని పనితీరుపై నాకు సంతృప్తి ఉంది. అయితే సెల్ఫ్ నీరసంగా తిరిగే ప్రతి ట్రాక్టరుకూ ఈ ఖర్చు అవసరం లేదు.

డీజిల్ ఇంజిన్‌లో గాలి బాగా నొక్కుకుపోయినప్పుడు పుట్టే వేడికే ఇంధనం అంటుకోవాలి. క్రాంకు (ఇంజిన్ ఇరుసు) నెమ్మదిగా తిరిగితే ఆ గాలి పిస్టన్ రింగుల పక్క నుంచి జారిపోతుంది, మిగిలిన వేడిని సిలిండరు గోడలు లాగేస్తాయి. అప్పుడు పొగగొట్టం నుంచి తెల్లటి పొగ వస్తుంది గానీ ఇంజిన్ అందుకోదు. దీనిని డీజిల్ పంపు లోపమనుకొని ఇంజెక్టర్లు విప్పించేవారు మా వైపు ఎందరో ఉన్నారు.

మోటారు కొనేముందు చేతిలో ఉండవలసింది మామూలు మల్టీమీటరు. పూర్తిగా ఛార్జయిన బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టులు చూపాలి. ఇంజిన్ ఆపే మీటను లాగి పట్టి, అందుకోకుండా సెల్ఫ్ కొడుతున్నప్పుడు అది సుమారు 9.6 కంటే దిగకూడదు. దిగితే బ్యాటరీ అయినా బలహీనపడి ఉండాలి, మోటారైనా అతిగా కరెంటు లాగుతూ ఉండాలి. బ్యాటరీ 11 వోల్టుల పైనే నిలిచి, సెల్ఫ్ మాత్రం ఈడ్చుకుంటూ తిరుగుతుంటే ముందుగా తీగలను, బిగింపులను అనుమానించాలి. సెల్ఫ్ తిరుగుతుండగానే బ్యాటరీ ప్లస్ స్తంభానికీ మోటారు బోల్టుకూ మధ్య కొలిస్తే అర వోల్టు లోపు, మైనస్ స్తంభానికీ మోటారు ఒంటికీ మధ్య కొలిస్తే 0.3 లోపు రావాలి. మీటరు ముల్లును క్లాంపుపై కాక సీసపు స్తంభంపైనే ఆనించాలి, లేకపోతే ఆ రెండింటి మధ్య పట్టిన తెల్లటి చిలుము లెక్కలోకి రాకుండా తప్పించుకుంటుంది. 300 ఆంపియర్లు పారే దారిలో ఓములో 200వ వంతు నిరోధం ఉన్నా 1.5 వోల్టులు అక్కడే ఆవిరవుతాయి. కంటికి బాగున్నట్టు కనిపించే బిగింపు కూడా దోషి కావచ్చు.

మా ట్రాక్టరులో పెద్ద లోపం ఎర్త్ (మైనస్) వైపే బయటపడింది. అంతకుముందు రంగు వేయించినప్పుడు ఎర్త్ పట్టీ బోల్టు కింద కూడా రంగు చేరింది. అక్కడ ఇనుము మెరిసేదాకా గీకి, పట్టీని మందమైన రాగి తీగతో మార్చి, బిగించిన తరువాత పైన వ్యాజిలిన్ రాయించాను. తిరుగుడులో సగం జబ్బు దానితోనే పోయింది. మిగిలిన సగం మోటారుది: ఇరుసును పట్టి ఉంచే బుష్‌లు అరిగి, మోటారులో తిరిగే భాగమైన ఆర్మేచర్ తన చుట్టూ కదలకుండా ఉండే పోల్ ముక్కలను రాసుకుంటోంది. బుష్‌లు మార్పిస్తే ఆ పాతదే ఇంకొంతకాలం నడిచేది. ఆర్మేచర్ ఒంటిమీద గీతలు లోతుగా పడినందువల్ల మాత్రమే నేను కొత్త రకం వైపు వెళ్లాను.

గేర్ రిడక్షన్ రకంలో చిన్న మోటారు చాలా వేగంగా తిరుగుతుంది, లోపలి పళ్లచక్రాలు ఆ వేగాన్ని తగ్గించి బలంగా మారుస్తాయి. అందుచేత బరువు తక్కువ, లాగే కరెంటూ తక్కువ. ధనుర్మాసపు తెల్లవారుజామున ఇంజిన్ ఆయిలు చిక్కబడినప్పుడు తేడా స్పష్టంగా తెలుస్తుంది. బ్యాటరీ వయసు మీరాక కూడా ఇంజిన్‌ను అందుకోనిచ్చింది. శబ్దం మాత్రం సన్నగా, కీచుమని ఉంటుంది. ఇంట్లోవాళ్లకు అది ఇప్పటికీ నచ్చలేదు.

లోటుపాట్లూ ఉన్నాయి. పాత మోటారు మొండికేస్తే సుత్తితో నాలుగు తట్టడం మన డ్రైవర్లకు అలవాటు. ఈ రకంలో చాలావాటికి లోపల శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి కనుక ఆ దెబ్బకు అవి పగలవచ్చు. మా డ్రైవరుకు ఈ సంగతి మొదటి రోజే చెప్పాను. రెండవది మరమ్మతు: పాతదానికి బుష్‌లు, కార్బన్ బ్రష్‌లు పక్క ఊరి ఎలక్ట్రీషియనే వేసేవాడు. దీని విడిభాగాలు అంత తేలికగా దొరకవు, చెడితే మొత్తం మార్చమనే సలహానే ఎక్కువగా వినిపిస్తుంది. దమ్ములో పళ్లచక్రాల అరలోకి బురదనీరు చేరి గ్రీజు చెడిపోయే ప్రమాదం కూడా ఉన్నందువల్ల, సీజను ముగియగానే విప్పించి, శుభ్రం చేయించి, కొత్త గ్రీజు పెట్టిస్తున్నాను. నీరు కారిపోయే రంధ్రం కిందికి ఉండేలా బిగించారో లేదో అప్పుడే చూస్తాను.

ఏ రకమైనా సెల్ఫ్‌ను ఒక్క దమ్మున పది సెకన్లకు మించి తిప్పకూడదు, మళ్లీ కొట్టేముందు అర నిమిషమైనా చల్లారనివ్వాలి. కొత్తది కొనేవారు పాత మోటారును విప్పి దుకాణానికి వెంట తీసుకువెళ్లి, పినియన్ (మోటారు కొసన ఉండి ఇంజిన్ చక్రాన్ని తిప్పే చిన్న పళ్లచక్రం) పళ్లు లెక్కపెట్టి, తిరిగే దిశ, అంచు బోల్టు రంధ్రాల దూరం సరిపోల్చుకోవాలి. సొలినాయిడ్ (మోటారుకు కరెంటు కలిపే స్విచ్) ఏ వైపు వస్తుందో కూడా చూడాలి, ఎందుకంటే కొన్ని ట్రాక్టర్లలో అది డీజిల్ ఫిల్టరుకు తగిలి మోటారు కూర్చోదు.