ప్రచురించు నొక్కే ముందు: వికీపీడియాలో సారాంశం పెట్టెతో కొన్నేళ్లు

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు నుంచి ఉంది. ఎవరైనా రాయొచ్చని, ఎవరు రాసింది ఎవరైనా దిద్దొచ్చని అందరికీ తెలుసు. ఖాతా ఎలా తెరవాలి, సవరించు ఎక్కడుంటుంది లాంటివి ఇక్కడ రాయను. నా గోలంతా ఒక్క పెట్టె గురించే. మార్పులన్నీ చేశాక, ప్రచురించే మీట దగ్గరే ఒక సన్నటి గడి కనిపిస్తుంది. దిద్దుబాటు సారాంశం అంటారు. ఏం మార్చారో, ఎందుకు మార్చారో అందులో ఒక ముక్క రాయమంటుంది. రాయకపోయినా ఏమీ అనదు. చాలామంది రాయరు కూడా. నాకు మాత్రం వికీపీడియా మొత్తంలో అన్నిటికంటే ఇష్టమైనది అదే.

నేను కొత్త వ్యాసాలు పెద్దగా రాయను. రాత్రి భోజనాలయ్యాక లాప్‌టాప్ తెరిచి, 'ఇటీవలి మార్పులు' పేజీలో తిరుగుతూ ఇంకొకరు రాసినవి చదివి సరిచేస్తుంటాను. 'భాద'ని 'బాధ' చేయడం, 'ప్రధమ'ని 'ప్రథమ' చేయడం, యంత్రానువాదంలోంచి దిగిన 'నిర్మించబడినదిగా చెప్పబడుతుంది' లాంటి వాక్యాలను మనిషి మాట్లాడే తెలుగులోకి తేవడం, ఇలాంటివన్నమాట. ఆఫీసులో పక్క సెక్షన్ వాళ్లు పెట్టిన నోట్‌లో ఒక్క మాట మార్చాలన్నా ముందు ఫోన్ చేయాలి, వాళ్లు నొచ్చుకోకుండా చెప్పాలి. ఇక్కడ ఎవరినీ అడగనక్కర్లేదు. మొహం కూడా తెలియని మనిషి కష్టపడి రాసుకున్న పేరా మీద చెయ్యి వేసి మీట నొక్కితే అయిపోయింది. అంత సులువు కావడం వల్లే మొదట్లో నాకు టెన్షన్‌గా ఉండేది. ఎంతవరకు మార్చొచ్చు? నియమాల పేజీలు చదివాను. చొరవగా దిద్దమని ఒకటి చెబుతుంది, ఏకాభిప్రాయం కావాలని ఇంకొకటి చెబుతుంది. రెండూ సబబే, కానీ కళ్లెదుట ఒక వాక్యం ఉన్నప్పుడు దాన్ని ముట్టుకోవాలో వద్దో ఏదీ చెప్పదు. ఆ పని సారాంశం పెట్టె చేసింది.

ఎలాగంటే, అక్షరదోషం సరిచేస్తే 'అక్షరదోషం' అని రాస్తే చాలు. మూలం చేర్చితే 'మూలం చేర్చాను' అంటే సరిపోతుంది. ఇక్కడిదాకా చిక్కు లేదు. ఒకసారి ఒక వ్యాసంలో 'చేసారు' అని ఉన్నచోటల్లా 'చేశారు' అని మార్చుకుంటూ పోయి, చివరికి పెట్టె దగ్గర ఆగాను. ఏమని రాయాలి? దోషం అని రాయలేను, రెండూ వాడుకలో ఉన్నవే. నిజాయితీగా రాస్తే 'నాకిలా ఇష్టం' అని రాయాలి. ఆ మాట నా పేరుతో చరిత్ర పేజీలో (వ్యాసంలో జరిగిన ప్రతి మార్పూ నమోదయ్యే పేజీ) ఉండిపోవడం ఊహించుకుని ప్రచురించకుండానే ట్యాబ్ మూసేశాను. అప్పటి నుంచి అదే నా కొలత. కారణం ఒక్క ముక్కలో రాయగలిగితే మార్పు చేస్తాను. రాయలేకపోతే ఆ వాక్యం రాసినవాళ్లది, వాళ్లకే వదిలేస్తాను.

మర్యాద కూడా ఆ పెట్టే నేర్పింది. ఒకాయన తమ ఊరి జాతర గురించి 'కన్నుల పండువగా, అంగరంగ వైభవంగా, న భూతో అన్నట్టు' అని మూడు వరసలు రాశాడు. విజ్ఞాన సర్వస్వంలో అది ఉండకూడదు, తటస్థంగా రాయాలన్న నియమం ఉంది. కానీ 'అనవసరమైన పొగడ్త తీసేశాను' అని రాస్తే ఆయన వీక్షణ జాబితాలో, అంటే తాను కన్నేసి ఉంచిన వ్యాసాల్లో మార్పులు కనిపించే చోట, మొట్టమొదట కనిపించేది ఆ మాటే. 'వర్ణన తగ్గించి, జాతర ఏ తిథికి మొదలవుతుందో పైకి తెచ్చాను' అని రాశాను. అలా రాశాను కాబట్టి తిథిని నిజంగానే పైకి తేవాల్సి వచ్చింది! తీసేయడానికి కూర్చున్న నాతో ఆ పెట్టె కొంచెం కూర్పు పని కూడా చేయించింది.

కొత్తగా వచ్చినవాళ్లకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి. 2018 దాకా ఈ పెట్టెలో 255 బైట్లే పట్టేవి. ఇంగ్లీషు వాళ్లకు బైటుకు ఒక అక్షరం. తెలుగులో ఒక్కో సంకేతానికి (కంప్యూటర్ విడిగా లెక్కపెట్టే ముక్కకు) మూడు బైట్లు, అంటే మనకు దక్కేవి 85. అందులో గుణింతాలు, పొల్లు అన్నీ వేరువేరుగా లెక్క. కంటికి ఒకే అక్షరంగా కనిపించే 'స్త్రీ' లోపల ఆరు సంకేతాలు, 18 బైట్లు. కారణం వివరంగా రాద్దామంటే సగంలోనే జాగా అయిపోయేది. ఆ ఏడాది హద్దును బైట్లలో కాక అక్షరాల్లో పెట్టారు, ఇప్పుడు 500. గుణింతాల లెక్క అలాగే ఉన్నా, 85 నుంచి 500 అంటే మనకు పండగే. పట్టించుకుని సంతోషించినవాళ్లు ఎంతమందో గానీ, నేనైతే సంతోషించాను.

ఈ బైట్ల గొడవే ఇటీవలి మార్పుల్లో ఇంకో రకంగా కనిపిస్తుంది. ప్రతి మార్పు పక్కన పేజీ ఎన్ని బైట్లు పెరిగిందో తరిగిందో చూపిస్తారు, తరిగితే ఎరుపులో. తేడా 500 దాటితే అంకె బొద్దుగా (బోల్డ్‌లో) మారుతుంది. తెలుగులో రెండు మూడు వాక్యాలు తీసేస్తే చాలు, బొద్దు ఎరుపు వచ్చేస్తుంది. వ్యాసాన్ని ఎవరో నరికేశారేమో అనిపిస్తుంది చూసినవాళ్లకు. పక్కన సారాంశం ఖాళీగా ఉందంటే ఇక అనుమానమే. 'ఇదే పేరా కింద రెండోసారి ఉంది, ఒకటి తీసేశాను' అని ఒక్క ముక్క ఉంటే ఎవరూ కంగారుపడరు.

ఇక నాకు ఈ పెట్టె మీద ఇంత అభిమానం కలగడానికి అసలు కారణం, ఒక జిల్లా పేరు.

2016 అక్టోబరు 11న తెలంగాణలో పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి. పాత వరంగల్ జిల్లా ముక్కలైంది. చేర్యాల లాంటి మండలాలైతే సిద్దిపేట జిల్లాలోకి వెళ్లిపోయాయి. వికీలో ఊళ్ల వ్యాసాల్లో, మనుషుల వ్యాసాల్లో 'వరంగల్ జిల్లా' అని ఉన్నచోటల్లా మార్పులు మొదలయ్యాయి. ఊళ్ల వ్యాసాలకు పేచీ లేదు, ఇప్పుడు ఏ జిల్లాలో ఉంటే అది రాయాలి. మనుషులతోనే వచ్చింది తంటా. దేవరుప్పుల వైపు ఒక ఊళ్లో పుట్టి, సాయుధ పోరాటంలో పాల్గొన్న ఒక పెద్దాయన మీద వ్యాసం ఉంది. మొదట రాసిన వాడుకరి 'వరంగల్ జిల్లాలో జన్మించాడు' అని రాశారు. కొత్త జిల్లాలు వచ్చాక ఇంకొకరు దాన్ని 'జనగామ జిల్లా' చేశారు. సారాంశం ఖాళీ. మొదటివారు రద్దు చేశారు. రద్దు చేస్తే దానంతటదే పడే మాట తప్ప ఇంకేమీ లేదు. మళ్లీ జనగామ, మళ్లీ వరంగల్. కొంతకాలం ఆగడం, మళ్లీ మొదలు. అంతకుముందు ఆ వ్యాసంలో నేను అక్షరదోషాలు దిద్దాను కాబట్టి అది నా వీక్షణ జాబితాలో ఉంది. ప్రతి మార్పూ వరసగా చూస్తూనే ఉన్నాను. 'తేడా' నొక్కితే ఎడమవైపు ఒక జిల్లా, కుడివైపు ఒక జిల్లా, తర్వాతి మార్పులో అవే రెండూ తారుమారు. ఇద్దరూ ఒక్క ముక్క కారణం రాయలేదు. ఎవరి వైపు న్యాయం ఉందో చెప్పడానికి నా దగ్గరా ఏమీ లేదు. ఇప్పటి జిల్లా రాయాలన్నది ఒక వాదన, పాతది ఉంచాలన్నది ఇంకో వాదన అని మాత్రం అనిపించేది.

అలా ఉండగా ఒక రోజు, ఖాతా కూడా లేని ఎవరో ఆ వాక్యాన్ని మార్చారు. అప్పట్లో అలాంటివారి పేరు స్థానంలో ఐపీ అంకెలు, అంటే వాళ్ల ఇంటర్నెట్ కనెక్షన్ చిరునామా, కనిపించేవి. సారాంశంలో ఇలా ఉంది: 'ఈయన పుట్టినప్పుడు ఈ ఊరు నల్గొండ జిల్లా జనగామ తాలూకాలో ఉంది. వరంగల్లో కలిసింది తర్వాత. 2016లో జనగామ జిల్లా అయింది. మూడూ రాయండి.'

అది చదివి నేను కుర్చీలో వెనక్కి వాలాను. ఇద్దరు అన్నాళ్లు తగువులాడిన రెండు జిల్లాల్లో ఆ మనిషి పుట్టిన నాటికి రెండూ సరి కాదు. ఆ ప్రాంతం నిజంగానే అప్పుడు నల్గొండ జిల్లా. 1946 జులై 4న ఆ పోరాటంలో తొలి అమరుడు దొడ్డి కొమరయ్య ప్రాణాలు పోయిన కడవెండి కూడా ఆ చుట్టుపక్కలే. పోరాటం మీద నా దగ్గరున్న పుస్తకాలు తీసి చూస్తే నల్గొండ జిల్లా, జనగామ తాలూకా అనే ఉంది. ఎన్నోసార్లు చదివిన పేజీలే అవి, ఆ మాట ఎప్పుడూ కంటికి ఆనలేదు. పుస్తకాన్ని మూలంగా చూపించి, నాటి జిల్లా ముందు, నేటి జిల్లా కుండలీకరణాల్లో పెట్టి వాక్యం తిరగరాశాను. ఆ తర్వాత ఆ వాక్యాన్ని ఎవరూ కదిలించలేదు. పాత 255 బైట్ల హద్దే ఉండుంటే ఆ సారాంశం మూడో వాక్యం మధ్యలో తెగిపోయేది, 'మూడూ రాయండి' అన్న మాట అసలు చేరేదే కాదు.

వికీలో ఫలానా మార్పుకు ధన్యవాదాలు చెప్పడానికి చరిత్ర పేజీలో ఒక లింకు ఉంటుంది. అప్పట్లో ఖాతా లేనివాళ్లకు అది పనిచేసేది కాదు. అందుకని నా సారాంశంలోనే 'పైన ఐపీ నుంచి చెప్పినవారికి ధన్యవాదాలు, వారి సూచన ప్రకారం' అని రాశాను. చూశారో లేదో.

ఇది అక్కడితో ఆగలేదు. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ హనుమకొండ జిల్లా అయింది, వరంగల్ రూరల్ వరంగల్ జిల్లా అయింది. అంటే ఒక వ్యాసంలో 'వరంగల్ జిల్లా' అని కనిపిస్తే అది 2016కు ముందటి పెద్ద జిల్లానా, 2021 తర్వాతి చిన్న జిల్లానా? వెతికి-మార్చే పద్ధతిలో వెళ్తే తప్పులే. ఆ మాట ఎప్పుడు చేరిందో చరిత్రలో చూస్తే తేదీ దొరుకుతుంది, సారాంశం ఉంటే రాసినవారి ఉద్దేశం కూడా దొరుకుతుంది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు ఇరవై ఆరు అయినప్పుడు అటువైపు వ్యాసాలకూ ఇదే పని పడింది. నేను అటు వెళ్లలేదు, ఆ ఊళ్లు నాకు తెలియవు.

ఇంత పొగిడాక కొన్ని చెప్పకపోతే బాగుండదు. సారాంశం ఒకసారి ప్రచురించాక మార్చలేం. వ్యాసంలో ప్రతి అక్షరం దిద్దొచ్చు గానీ ఆ ఒక్క వరస అలాగే ఉండిపోతుంది. పెట్టెలో రాస్తుండగా ఎంటర్ తగిలినా ప్రచురించేస్తుంది, కాబట్టి సగం మాటతో ఆగిన సారాంశాలు వికీ నిండా కనిపిస్తాయి. పేజీలో ఏదో ఖాళీ జాగా లాంటిది మార్చి, ఆ వంకతో ఇంకో సారాంశం రాయడం ఒక్కటే దారి. కోపంలో రాసినవాటికి అదీ మందు కాదు. ఎత్తిపొడుపులకు కూడా ఈ పెట్టెనే వాడేవాళ్లున్నారు. జవాబు చెప్పాలంటే ఇంకో మార్పు చేయాలి, అలా తగువు పెరుగుతుంది. నిజానికి రెండోసారి రద్దు అయిందంటే పెట్టె వదిలి చర్చ పేజీకి వెళ్లడమే మంచిది. ఆ జనగామ వ్యాసంలో పెట్టెతోనే పని జరిగిపోయింది కాబట్టి నేనింత ముచ్చట పడుతున్నానేమో. అలా జరిగినవి నేను ఎక్కువ చూడలేదు.

పైన నా కొలత గురించి చెప్పాను కదా, దానికీ ఒక కంత ఉంది. కారణం చక్కగా రాయడం వచ్చినకొద్దీ, రాశాను కదా అని దేన్నైనా మార్చేసే ధైర్యం కూడా వస్తుంది. నాకు తెలిసిన ఒక వాడుకరి సారాంశాలు ముత్యాల్లా ఉంటాయి, దిద్దిన వాక్యాలు మాత్రం ముందున్నవే నయం. ఇంకొకరు జన్మలో సారాంశం రాయరు, కానీ వారు చేయి పెట్టిన వ్యాసాన్ని మళ్లీ చూడనక్కర్లేదు. అన్నిటికీ మించి, చదివే జనం చరిత్ర ట్యాబ్ తెరవరు. ఈ పెట్టెలో రాసేదంతా మాలాంటి కొద్దిమంది ఒకరికొకరు రాసుకునేదే.

కాబట్టి అందరికీ పనికొస్తుందని చెప్పలేను. నాకు పెద్ద తెరా, కీబోర్డూ, రాత్రి ఓ గంట తీరికా ఉన్నాయి. దిద్దేది ఎక్కువగా నాకు తెలిసిన ఓరుగల్లు వైపు వ్యాసాలే. ఫోన్‌లో, బస్సులో కూర్చుని రాసేవాళ్లకు ప్రతి మార్పుకూ ఒక వాక్యం రాయమంటే విసుగొస్తుంది, అందులో న్యాయం ఉంది. సొంతంగా పెద్ద వ్యాసాలు మొదలుపెట్టేవాళ్లకు కూడా దీని అవసరం తక్కువే. ఇతరుల రాతలు దిద్దడమే ఎక్కువగా చేసేవాళ్లు మాత్రం 'అభిరుచులు' (ఖాతా సెట్టింగులు)లోకి వెళ్లి, సారాంశం ఖాళీగా ఉంటే గుర్తు చేయమనే గడిలో టిక్కు పెట్టి చూడండి. ఖాళీగా ప్రచురించబోతే ఒకసారి ఆపి అడుగుతుంది. మొదటి వారం చిరాకేస్తుంది. ఆ తర్వాత కూడా చిరాకుగానే ఉంటే తీసేయొచ్చు, నేను తీయలేదు.