ఆక్సిజన్ సెన్సార్ మాటిమాటికీ పోతోందా? కొత్తది కొనేముందు పాతదాని మొన చూడండి

పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు ఇంకా ఓఆర్ నంబరు (పాత ఒడిశా రిజిస్ట్రేషన్) బళ్ళు నడుపుతున్న మనవాళ్ళు చాలామందే ఉన్నారు, అందుకే రాస్తున్నాను. నాదీ పాత పెట్రోల్ కారే. చెక్ ఇంజిన్ లైటు వెలిగితే బరంపురంలో కాస్త పేరున్న గ్యారేజీకి తీసుకెళ్ళాను. స్కానర్‌లో పి0133 అనే లోపం కోడ్ వచ్చింది, ముందువైపు ఆక్సిజన్ సెన్సార్ (ఎగ్జాస్ట్ పొగలో ఆక్సిజన్ ఎంతుందో కనిపెట్టేది) మార్చాలన్నారు. సరే, మార్చారు. కొన్నాళ్ళకే మళ్ళీ లైటు, మళ్ళీ అదే కోడ్, మళ్ళీ కొత్త సెన్సార్, మళ్ళీ వేలల్లో బిల్లు. ఇదేంటని అడిగితే ఒకటే జవాబు: "పాత బండి కదా బాబూ, ఇలాగే ఉంటాది."

ఉండదు. ఈ సెన్సార్ మామూలుగా లక్ష కిలోమీటర్లకు తగ్గకుండా వస్తుంది. నెలల్లోనే పోతోందంటే బండిలో ఏదో దాన్ని పాడుచేస్తోందన్నమాట. పి0133 అంటే సెన్సార్ మందకొడిగా పనిచేస్తోందని మాత్రమే. ఎందుకన్నది మనిషే వెతకాలి.

చివరికి పాతపట్నంలో ఒక పెద్దాయన సెన్సార్ విప్పి మొన చూపించాడు. మసి లేదు, గాజు పొడి చల్లినట్టు తెల్లటి పూత. ఏమీ మాట్లాడకుండా టాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) అంచు వేలితో తడిమాడు. బూడిదరంగు సిలికాన్ పేస్టు బయటికి పొంగి గట్టిపడి ఉంది. ఆయిల్ చెమ్మ ఆపడానికి గ్యాస్కెట్ మార్చకుండా, బండి వెళ్ళినప్పుడల్లా గ్యారేజీవాళ్ళు పేస్టు దట్టించారు. అది ఆరేటప్పుడు వచ్చే ఆవిరి, ఆ కవర్ నుంచి పోయే గొట్టం గుండా ఇంజిన్‌లోకి వెళ్ళి, మండి, సిలికాగా మారి సెన్సార్ మొనకి పట్టేస్తుంది. అంటే సెన్సార్ అమ్మిందీ వాళ్ళే, చంపిందీ వాళ్ళే! సెన్సార్‌కి హాని చేయదని ట్యూబు మీదే రాసి ఉన్న పేస్టులు బజార్లో దొరుకుతాయి, అవి వాడొచ్చు కదా.

కాబట్టి విప్పిన సెన్సార్ మీ చేతికి ఇవ్వమని పట్టుబట్టండి. తెల్లగా ఉంటే పేస్టో, కూలెంట్ లోపలికి కారడమో అయ్యుంటుంది, కూలెంట్ ట్యాంకులో మట్టం తగ్గుతోందేమో చూడండి. నల్లటి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ పోతోందని. పి0135 వస్తే అది సెన్సార్‌ని వేడిచేసే హీటర్ సర్క్యూట్ గొడవ, ముందు ఫ్యూజు చూడాలి, తర్వాత వైరు ఎగ్జాస్ట్ పైపుకి తగిలి కాలిందేమో చూడాలి. పాత కార్లలో చాలావాటికి, ఇంజిన్ వేడెక్కాక స్కానర్ లైవ్ డేటాలో ముందు సెన్సార్ రీడింగు 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య చకచకా ఊగుతుండాలి. నాది బద్ధకంగా కదిలేది.

ఇంకోటి. వైర్లు కోసి అతికించే యూనివర్సల్ సెన్సార్‌ని ఒరిజినల్ ధరకి అంటగడుతున్నారు. అలాంటిది వేసినా వైర్లకి టంకం వేయనివ్వకండి. చాలా సెన్సార్లకి పొగతో పోల్చుకోడానికి కావాల్సిన బయటి గాలి ఆ తీగల సందుల్లోంచే అందుతుంది, టంకం కారితే ఆ దారి మూసుకుపోతుంది.

డబ్బు వెనక్కి అడిగితే ఎలక్ట్రికల్ సామానుకి వారంటీ లేదన్నారు. బిల్లులో చూస్తే "సెన్సార్ పని" అని తప్ప కంపెనీ పేరు, పార్ట్ నంబరు ఏవీ లేవు. మీరు మాత్రం ఆ రెండూ రాయించుకున్నాకే డబ్బు తీయండి.