"1857 నాటి గుండీలు" అని ఎవరైనా అమ్ముతుంటే ముందుగా వాటి వెనుక వైపు చూడండి

పాత గుండీలు సేకరించేవారికి, చేతిపనుల కోసం కొనేవారికి ఈ హెచ్చరిక. "1857 తిరుగుబాటు కాలపు సైనిక గుండీలు, నిజాం కాలపు ముత్యపు చిప్ప గుండీలు, అన్నీ ఒకే పాత ఇంటి పెట్టెలో దొరికినవి" అంటూ ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు పెడుతున్న పొట్లాలను దయచేసి కొనకండి. ఆరున్నర వేల రూపాయలు పెట్టి తెప్పించిన నా పొట్లంలో పాతవి అనదగ్గవి నాలుగో అయిదో ఉన్నాయి. అవీ మామూలు చొక్కా గుండీలే. మిగతావన్నీ కొత్త పోతలు, ప్లాస్టిక్కు.

అమ్మకందారు పేరు రాయడం లేదు. రాసినా పెద్ద ఉపయోగం లేదు. ఇలాంటివారు పేరు మార్చుకుని మళ్లీ దుకాణం తెరుస్తారు. సరుకును చూసి పట్టుకోవడం తెలిస్తే ఏ పేరుతో వచ్చినా దొరికిపోతారు.

ముందు ఇత్తడి గుండీల సంగతి. పొట్లం ధరలో సగానికి పైగా వీటిదే. ముఖం మీద కిరీటం, దాని కింద వి.ఆర్.ఐ. అనే మూడు అక్షరాలు. విక్టోరియా, రాణి, చక్రవర్తిని అనే లాటిన్ మాటలకు అవి పొడి అక్షరాలు. ఆమెకు ఆ మూడో బిరుదు కట్టబెట్టే చట్టం బ్రిటిష్ పార్లమెంటులో వచ్చింది 1876లో. ఢిల్లీ దర్బారులో ప్రకటించింది 1877 జనవరి 1న. మరి 1857లో సిపాయి కోటు మీదికి ఆ 'ఐ' ఎలా వచ్చింది? అప్పటికి పాలన ఈస్టిండియా కంపెనీ చేతిలోనే ఉంది, 1858లో గానీ రాణి కిందికి రాలేదు. ఆ ఒక్క అక్షరంతోనే అమ్మకందారు కథ కూలిపోయింది.

వెనక్కి తిప్పితే ఇంకా తమాషా. "మేడ్ ఇన్ ఇంగ్లండ్" అని ఉంది. దిగుమతి సరుకు మీద అది తయారైన దేశం పేరు ఉండాలని అమెరికా పట్టుబట్టింది 1890 నాటి మెకిన్లీ సుంకాల చట్టంతో. ఇంగ్లండు వస్తువుల మీద దేశం పేరు వేయడం ఆ తరువాతే విస్తరించింది. కాబట్టి ఆ ముద్ర ఉన్నది 1857 నాటిది అంటే నమ్మనక్కర్లేదు.

తయారీ తీరు మరీ ముఖ్యం. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో లండన్, బర్మింగ్‌హామ్ కార్ఖానాల నుంచి వచ్చిన యూనిఫాం గుండీలు చాలావరకు రెండు ముక్కలవి. పలుచని ఇత్తడి రేకు మీద ఉక్కు అచ్చుతో బొమ్మ కొట్టి, దాని అంచును వెనుక రేకు మీదికి మడిచి బిగించేవారు. కుట్టడానికి ఉండే తీగ కొంకిని విడిగా అతికేవారు. అందుకే అవి లోపల డొల్లగా, చేతికి తేలిగ్గా ఉంటాయి. కిరీటం మీది పూసలు కూడా లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ఉంటాయి. ఫర్మిన్ అండ్ సన్స్ లాంటి పాత కంపెనీల పేర్లు వెనుక సన్నని అక్షరాలతో చదవగలిగేలా ఉంటాయి. నాకు వచ్చినవి ముఖం, వెనుక భాగం, కొంకి కలిపి ఒకే పోత. వాటి మీది కిరీటం కరిగిన మైనంలా ఉంది. అంచు చుట్టూ అచ్చు అతుకు గీత, కొంకి లోపల తాజా ఆకురాయి గీతలు.

పాత రంగు కూడా తెచ్చిపెట్టుకున్నదే. వాడుకలో అరిగిన ఇత్తడికి పల్లాల్లో ముదురు గోధుమ రంగు నిలుస్తుంది, ఎత్తు భాగాలు నున్నబడి మెరుస్తాయి. వీటికి ఎత్తు పల్లం తేడా లేకుండా ఒకే నలుపు, ఒకే పచ్చ. తడి గుడ్డతో తుడిస్తే పచ్చపొడి గుడ్డకు అంటింది.

రెండో ప్రపంచ యుద్ధం నాటివని చెప్పిన గుండీలు కొన్ని వేరే సంచిలో ఉన్నాయి. వాటి కిరీటం చూడండి. 1901 నుంచి 1952 దాకా వాడిన కిరీటం పైభాగం గుమ్మటంలా గుండ్రంగా ఉంటుంది. రెండో ఎలిజబెత్ కాలంలో వచ్చినదానికి నడుమ నొక్కినట్టు పల్లం ఉంటుంది. 1943 నాటి సైనికుడి గుండీ అని నాకు పంపినదాని మీద ఉన్నది పల్లం కిరీటం! ఆమె గద్దె ఎక్కేనాటికి భారతదేశం గణతంత్రమై రెండేళ్లు దాటింది. విక్టోరియా కాలపు కిరీటాలు రకరకాలుగా ఉంటాయి కాబట్టి, ఈ గుర్తును వాటికి వర్తింపజేయకండి.

హైదరాబాదు వాళ్లకు మరో ఎర "నిజాం" అనే మాట. ఎన్.జి.ఎస్.ఆర్. అక్షరాలున్న రైల్వే గుండీని 1940ల నాటిదని అంటగడుతున్నారు. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వేను 1930లో నిజాం ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. పేరులోంచి ఆ 'జి' అప్పుడే పోయింది.

ఇక ముత్యపు చిప్ప గుండీలు. వీటి మీద నాకు ఇష్టం ఎక్కువ, అందుకని కోపమూ ఎక్కువే. చిప్ప ఒక ప్రాణి పొరపొరగా పెంచుకున్న గోడ. ఏ రెండు ముక్కల్లోనూ ఆ రంగుల మెరుపు ఒకేలా ఉండదు. కాస్త వంచితే ఆకుపచ్చ గులాబీలోకి జారుతుంది. వెనుక వైపు చాలాసార్లు చిప్ప పైతొక్క గోధుమ మచ్చ మిగిలి ఉంటుంది. నాకు వచ్చిన డజనులో అన్నిటికీ ఒకే చోట ఒకే సుడి ఉంది. అది ముత్యపు మెరుపు కలిపిన ప్లాస్టిక్కు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత చిప్ప గుండీల వ్యాపారాన్ని దెబ్బతీసింది ఈ రకం ప్లాస్టిక్ గుండీలే. అమెరికాలో అయోవా రాష్ట్రపు మస్కటీన్ పట్టణం, జాన్ బెప్లే అనే జర్మన్ పనివాడు 1891లో అక్కడ పని మొదలుపెట్టాక, నది ఆల్చిప్పల గుండీలతో ప్రపంచ గుండీల రాజధానిగా పేరు పొందింది. ఆ వైభవమూ చివరికి ప్లాస్టిక్కు ముందు నిలవలేదు.

పరీక్ష సులువు. అసలు చిప్ప చెంపకు ఆనిస్తే చల్లగా తగులుతుంది, వేడెక్కడానికి సమయం పడుతుంది. పంటికి తాకిస్తే రాయి తగిలినట్టు గట్టిగా టక్కుమంటుంది. ప్లాస్టిక్కు మెత్తగా, మొద్దుగా పలుకుతుంది.

బేకలైట్ (పాతకాలపు గట్టి ప్లాస్టిక్కు) అని చెప్పి అమ్మేవాటికి ఎర్రగా కాల్చిన సూది గుచ్చి చూడమని కొందరు సలహా ఇస్తారు. ఆ పని చేయకండి. అది సెల్యులాయిడ్ అనే మరో పాత రకం ప్లాస్టిక్కు అయితే భగ్గున అంటుకుంటుంది. బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూస్తే చాలు. బేకలైట్ మందుల ఘాటు వాసన వేస్తుంది, సెల్యులాయిడ్ కర్పూరం వాసన. పాల విరుగుడుతో చేసిన గుండీలూ ఒకప్పుడు ఉండేవి. వేడి నీటిలో ఒక్క క్షణం ముంచితే మాడిన పాల వాసన వస్తుంది.

"ఏనుగు దంతం", "తాబేలు చిప్ప" అని రాసి ఉంటే నిజమా కాదా అని తేల్చుకునే పనే పెట్టుకోవద్దు. అబద్ధమైతే డబ్బు పోతుంది. నిజమైతే వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు అవుతుంది. గుండీల మీద మోజు అంత దూరం వెళ్లనక్కర్లేదు.

కొనే ముందు అమ్మకందారును ఫోటోలు అడగండి, కానీ ముఖం ఫోటోలు కాదు. వాళ్లు చూపించేవి ఎప్పుడూ అవే: పై నుంచి వెలుతురు, దగ్గరగా తీసిన మెరుపు. వెనుక వైపు కావాలనండి. ఒక పక్క నుంచి దీపం పెట్టి తీసిన ఫోటో కావాలనండి, అప్పుడు పోత గుంటలు, అతుకు గీతలు నీడలతో సహా బయటపడతాయి. పక్కన ఆ రోజు తేదీ రాసిన కాగితం ఉండాలి. చిప్ప గుండీలకైతే అటూ ఇటూ వంచుతూ తీసిన చిన్న వీడియో కావాలి. నేను ఇవన్నీ అడిగాను. "వెనుక వైపు కూడా అలాగే ఉంటుందండీ, నమ్మండి" అని జవాబు, ఆపైన రెండు ఫోటోలు. ఆ రెండు ఫోటోల్లోని గుండీలు పొట్లంలో లేనే లేవు.

పొట్లం విప్పుతూ తీసిన వీడియో పంపితే, "పాత సరుకుకు వాపసు ఉండదు" అన్నారు. ఈ మాటకు భయపడకండి. చెప్పినది ఒకటి, పంపినది ఒకటి అయినప్పుడు సరుకు పాతదా కొత్తదా అన్న ప్రశ్నే రాదు. అమ్మకం జరిగిన వేదికకు రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను. ఫిర్యాదు నమోదైంది, డబ్బు ఇంకా రాలేదు. అమ్మకపు ప్రకటనను, సంభాషణను స్క్రీన్‌షాట్లు తీసి దాచుకోవడం మరువకండి. నా ఫిర్యాదు వెళ్లిన మర్నాడే ఆ ప్రకటన మాయమైంది.

ఇప్పుడు అదే ఫోటో మరో పేరుతో, ఇంకాస్త ఎక్కువ ధరతో కనిపిస్తోంది. గుర్తు పట్టడం కష్టం కాదు: నీలం వెల్వెట్ గుడ్డ మీద నాలుగు వరుసల గుండీలు, రెండో వరుసలో ఎడమ నుంచి మూడోది తలకిందులుగా ఉంటుంది, కింది అంచున ఎర్ర దారం ముక్క ఒకటి.