ఓపెన్ మైక్ రికార్డింగ్ విని, మాట పొల్లుపోకుండా రాసుకోవడం: రెండేళ్ల వాడకం తర్వాత

ఓపెన్ మైక్‌లో, అంటే ఎవరైనా స్టేజి ఎక్కి చెప్పుకోగలిగే చోట, స్టాండప్ కామెడీ చేసేవాళ్లందరూ తమ సెట్‌ని, అంటే ఆ రోజు చెప్పే జోకుల వరసని, ఫోన్‌లో రికార్డ్ చేస్తారు. తిరిగి వినేవాళ్లు తక్కువ. విన్నదాన్ని కాగితం మీద మాటకు మాట రాసుకునేవాళ్లు మా విజయవాడ గుంపులో నలుగురే ఉన్నారు. నేను వాళ్లలో ఒకణ్ణి. రెండేళ్ల మూడు నెలలుగా ఇదే నా పద్ధతి. దీని మీద నాకు చాలా ఇష్టం ఉందని ముందే చెప్పేస్తున్నా, అది గుర్తుంచుకుని చదవండి.

మిగతా రొటీన్ అందరిదీ ఒకటే. పొద్దున్నే అరగంట నోట్‌బుక్, ఆదివారం అయిదు నిమిషాల స్టేజి, వారం మధ్యలో మార్పులు, శనివారం రాత్రి మేడ మీద నడుస్తూ పైకి చెప్పుకోవడం. వాటి గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. నేను చెప్పాలనుకున్నది రికార్డింగ్ విని రాసుకునే సోమవారం పొద్దున్న గురించి.

నాది గుంటూరు మిర్చి యార్డులో ఉద్యోగం. ఒక కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తాను. నా జోకుల్లో సగం అక్కడివే. పోయినేడాది ఒకటి రాసుకున్నాను. మన ఇళ్లలో బయటికి వెళ్లేటప్పుడు ఎవరైనా తుమ్మితే ఆగిపోతాం, కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగి వెళతాం. మరి మిర్చి యార్డులో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తుమ్ములే కదా. అందుకని, 'తుమ్ముకు ఆగేటట్టయితే ఇక్కడ ఒక్క టిక్కీ కూడా కదలదని మా షావుకారు అంటుంటారండీ' అని ముగించాను. కాగితం మీద బాగుంది. కొట్టులో చెబితే హమాలీలు కూడా నవ్వారు.

మొగల్రాజపురంలో ఒక కేఫ్ మేడ మీద గదిలో చెబితే ఎవరూ నవ్వలేదు. ఇరవై మంది ఉంటారు, ఎక్కువగా కాలేజీ పిల్లలు. ఈ కాలం పిల్లలకి శకునాల పట్టింపు లేదు, అందుకే అందలేదు అనుకున్నాను. బస్సులో గుంటూరు వచ్చేదాకా అదే ఆలోచన. కాజ టోల్‌గేటు దాటేలోపే ఆ జోకు తీసేయాలని నిర్ణయించేసుకున్నాను.

ఆ రోజు ముందు వరసలో చోటు లేక ఫోన్‌ని చివరి టేబుల్ మీద పెట్టాను. సోమవారం పొద్దున విని రాస్తూ ఆ జోకు దగ్గరికి వచ్చేసరికి, నా గొంతు కంటే దగ్గరగా ఒక అమ్మాయి గుసగుస వినిపించింది. 'టిక్కీ అంటే ఏంటే?' పక్కనున్న అమ్మాయి, 'ఆలూ టిక్కీ ఏమో' అంది. ఆ తర్వాత నేను చెప్పిన రెండు వాక్యాలూ వాళ్లు విననే లేదు, టిక్కీకీ మిర్చికీ సంబంధమేంటని మాట్లాడుకుంటూనే ఉన్నారు.

రికార్డింగ్ ఆపేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. యార్డులో మాకు టిక్కీ అంటే మిర్చి బస్తా. రోజుకు వందసార్లు పలికే మాట కాబట్టి, ఊరంతటికీ తెలుసనే అనుకున్నాను. ముప్పై అయిదు కిలోమీటర్ల అవతల ఆ మాటకు అర్థం వేరే. స్టేజి మీద నిలబడ్డవాడికి ఇది ఎప్పటికీ తెలియదు. నవ్వు రాకపోవడం మాత్రమే తెలుస్తుంది, ఎందుకు రాలేదో తెలియదు. ఆ 'ఎందుకు' నా చేతికి దొరికిన మొదటి రోజు అదే.

మొదట టిక్కీ తీసి బస్తా అని పెట్టాను. పెదవి కదిలింది, అంతే. మూడో వారం మళ్లీ టిక్కీయే పెట్టి, ఆ అమ్మాయిల అనుమానాన్నే జోకులోకి తీసుకున్నాను. 'మీ దగ్గర టిక్కీ అంటే అరచేతిలో రెండు పడతాయి. మా యార్డులో టిక్కీ కదలాలంటే హమాలీ రావాలి.' గది మొత్తం నవ్వింది. ఆ వాక్యం నా నోట్‌బుక్‌లో పుట్టింది కాదు, చివరి టేబుల్ దగ్గర పుట్టింది.

రాసుకుంటే తప్ప పట్టుబడని సంగతి ఇంకొకటి ఉంది. వినేటప్పుడు కూడా నాకు అది తెలియలేదు. కాగితం మీద చూస్తే, నా ప్రతి జోకూ 'అన్నాడండీ', 'అంటారు', 'అంట' అని ముగుస్తోంది. తెలుగులో క్రియ చివరికి వస్తుంది. ఎవరి మాటనైనా చెబితే ఆ మాట ముందు, 'అని అన్నాడు' తర్వాత. నవ్వు రావాల్సిన మాట అయిపోయాక కూడా నేను ఇంకా మాట్లాడుతూనే ఉన్నాను. జనం నవ్వబోయి, నా గొంతు విని ఆగిపోతున్నారు. అయిదు నిమిషాల్లో పద్నాలుగు చోట్ల ఇదే. 'మా షావుకారు మొదటి రోజే ఒక మాట చెప్పారు' అని ముందే అనేసి, తర్వాత తుమ్ము సంగతి చెప్పి 'ఒక్క టిక్కీ కూడా కదలదు' దగ్గర నోరు మూశాను. కొత్త సంగతేదీ చేర్చకుండా, వరస మార్చినందుకే ఆ జోకు నిలబడింది. ఇంగ్లిష్‌లో జోకులు రాయడం గురించి చెప్పే పాఠాలు చాలా చూశాను. పంచ్ మాట చివర పెట్టమనే చెబుతారు గానీ, మన వాక్యంలో ఆ చివర ఎవరు కూర్చుని ఉంటారో వాళ్లకు తెలియదు కదా.

మొదటి ఏడాది కనబడిన ప్రతివాడికీ 'రికార్డింగ్ అబద్ధం చెప్పదు' అని చెప్పేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. అమ్మ మీద నాకొక జోకు ఉంది. మూడుసార్లు విన్నా అక్కడ నిశ్శబ్దమే, కాబట్టి తీసేశాను. తర్వాత చూడ్డానికి వచ్చిన ఒక పెద్దావిడ అడిగింది, 'ఆ అమ్మ సంగతి చెప్పడం లేదేం బాబూ, మా వరసలో అందరం చున్నీలూ కొంగులూ అడ్డం పెట్టుకుని నవ్వాం' అని. ఫోన్‌కి ఆ నవ్వు వినబడదు. నవ్వు ఎన్ని సెకన్లు వచ్చిందో లెక్కపెట్టి మార్కులు వేసుకునే అలవాటు కూడా అప్పుడే మానేశాను.

రోజూ తప్పకుండా రాయాలనే మాట మీద కూడా కొంచెం వెనక్కి తగ్గాను. రాసిన రోజు క్యాలెండర్‌లో గుర్తు పెట్టు, గొలుసు తెగనీయకు అనే పద్ధతిని అమెరికన్ కమెడియన్ జెర్రీ సైన్‌ఫెల్డ్ పేరు మీద చెబుతుంటారు. నేనూ ఆయన పేరు చూసే మొదలుపెట్టాను. 2014లో రెడిట్ అనే వెబ్‌సైట్‌లో ఎవరో అడిగితే అది తన ఆలోచన కాదని ఆయనే చెప్పాడని తర్వాత తెలిసింది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డుకి సరుకు బాగా వచ్చే రోజుల్లో నేను రాత్రి పదింటికి గానీ ఇల్లు చేరను. పోయిన సీజన్‌లో తొమ్మిది వారాలు గొలుసు తెగింది. మొదటి వారం చాలా టెన్షన్ పడ్డాను. తర్వాత చూస్తే, ఆ తొమ్మిది వారాల్లో జేబులో చీటీల మీద గీసుకున్న ముక్కలే ఇప్పటి నా సెట్‌లో సగం. చీటీలన్నీ చెప్పుల డబ్బాలో వేస్తాను. ఫిలిస్ డిల్లర్ అనే పాతతరం అమెరికన్ కమెడియన్ తన జోకులను యాభై వేలకు పైగా కార్డుల మీద టైపు చేయించి ఉక్కు బీరువాలో పెట్టుకుంది, ఆ బీరువా ఇప్పుడు అమెరికాలో స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. నా డబ్బాలో మూడు వందలు దాటాయి. వాటిని విషయాలవారీగా సర్దుకోవాలి, ఇంకా మొదలుపెట్టలేదు.

అందరికీ కుదురుతుందా అంటే చెప్పలేను. అయిదు నిమిషాల సెట్‌ని రాయడానికి నాకు గంటన్నర పడుతుంది. మా ఆవిడ నర్సు, ఆదివారాలు నైట్ డ్యూటీ. సోమవారం పొద్దున ఎనిమిది దాకా ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది కాబట్టి నాకు సాగింది. ఇంట్లో చంటిపిల్లలుంటే కష్టం. నెలకోసారి మాత్రమే స్టేజి దొరికేవాళ్లకు కూడా అంత శ్రమ అక్కర్లేదేమో, ఎందుకంటే రాసుకున్నది మళ్లీ చెప్పి చూసేలోపు చల్లారిపోతుంది. ఒకటి మాత్రం తప్పకుండా చేయండి. రికార్డింగ్ మొదలుపెట్టే ముందు ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. మధ్యలో కాల్ వచ్చి నా మంచి సెట్ ఒకటి రెండో నిమిషం దగ్గర ఆగిపోయింది. ఆ రాత్రి ఏం చెప్పానో ఇప్పటికీ పూర్తిగా గుర్తు రావడం లేదు.

పోయిన నెల గుంటూరు అరండల్‌పేటలో అదే సెట్ చెప్పాను. ఇక్కడ అందరికీ టిక్కీ తెలుసు కాబట్టి అరచేతి వాక్యం తీసేద్దామనుకుని, చివరి నిమిషంలో మార్చాను. విజయవాడలో ఆ మాట వింటే ఆలూ టిక్కీ అనుకున్నారని మాత్రం చెప్పి ఆగాను. ఈసారి కూడా ఫోన్ చివరి టేబుల్ మీదే ఉంది. నవ్వు తగ్గాక ఎవరో పెద్దాయన పక్కవాళ్లతో 'మరి తేజా రకం అంటే ఏమనుకుంటారో' అనడం వినబడింది. తేజా అంటే మిర్చిలో ఒక రకం. ఈ వారం దాని మీద రాస్తున్నాను.