నయోబియమా, వెనేడియమా, టైటానియమా: మీ ఫర్నేస్‌కు ఏది మేలు?

స్టీల్‌లో కలిపేది నయోబియం 0.03 శాతం, వెనేడియం 0.10 శాతం, టైటానియం 0.015 శాతం. ఇంత చిన్న మోతాదులు పనిచేసేది కార్బన్, నైట్రోజన్‌తో కలిసి అవి ఏర్పరిచే ప్రెసిపిటేట్ల (స్టీల్ లోపల పుట్టే అతిచిన్న కణాల) వల్లే. వేడిలో కరిగి, చల్లారేటప్పుడు కొద్ది నానోమీటర్ల సైజులో మళ్లీ పుట్టినవే బలాన్నిస్తాయి. కరగకుండా మిగిలినవి గ్రెయిన్ (లోహంలోని స్ఫటికం) పెరగకుండా అడ్డుపడతాయి గానీ, బలానికి పెద్దగా అక్కరకు రావు. అందుకే ఫర్నేస్ ఎంత వేడికి వెళుతుందో చూశాకే మూలకాన్ని ఎంచుకోవాలి.

ఫోర్జింగ్‌కు: వెనేడియం

ఫోర్జింగ్ అంటే వేడి లోహాన్ని కొట్టి ఆకారం తేవడం. క్రాంక్‌షాఫ్ట్‌లకు వాడే 38MnVS6 రకం స్టీల్ తీసుకుందాం. కార్బన్ 0.38, వెనేడియం 0.10, నైట్రోజన్ 0.015 శాతం అనుకుంటే, ఇర్విన్ సాల్యుబిలిటీ లెక్క (ఏ వేడికి ఎంత కరుగుతుందో చెప్పే సూత్రం) ప్రకారం వెనేడియం నైట్రైడ్ 1,050 డిగ్రీల సెల్సియస్ దగ్గర పూర్తిగా కరుగుతుంది. కార్బైడ్‌కు 900 చాలు. బిల్లెట్‌ను (ఫోర్జింగ్‌కు వాడే స్టీల్ దిమ్మను) ఎటూ 1,200 దాటిస్తాం కాబట్టి ఇండక్షన్ హీటర్‌లో తక్కువసేపు ఉన్నా సరిపోతుంది. అదే కార్బన్‌లో 0.03 శాతం నయోబియం కరగాలంటే లెక్క 1,340 దాకా పోతుంది. అంత వేడికి వెళితే స్కేల్ (పైన పేరుకునే ఆక్సైడ్ పొర), ముతక గ్రెయిన్ తప్పవు. నా మాటగా చెప్పాలంటే, ఇక్కడ నయోబియం మీద పెట్టే డబ్బులో చాలాభాగం వృథా.

ఆపైన అంతా చల్లార్చే తీరులోనే ఉంది. ట్రిమ్మింగ్ (అంచుల్లో మిగిలిన లోహాన్ని కత్తిరించడం) అయ్యాక ముక్కల్ని కన్వేయర్ మీద విడివిడిగా పరవాలి. 800 నుంచి 500 డిగ్రీల మధ్య సెకనుకు సుమారు 1 డిగ్రీ చొప్పున చల్లారితే ఫెర్రైట్-పెర్లైట్ అనే అంతర్నిర్మాణంతోపాటు సన్నటి వెనేడియం ప్రెసిపిటేట్లు వస్తాయి. వేడివేడిగా బిన్‌లో కుప్పపోస్తే నడిమి ముక్కలు మెల్లగా చల్లారి ప్రెసిపిటేట్లు ముదురుతాయి, హార్డ్‌నెస్ పడిపోతుంది. ఒకే బిన్‌లో పైముక్కకూ లోపలి ముక్కకూ రీడింగ్ తేడా వస్తే ముందు ఇదే అనుమానించాలి. ఫ్యాన్లు మరీ జోరుగా పెడితే బైనైట్ (వేగంగా చల్లారితే వచ్చే మరో అంతర్నిర్మాణం) వచ్చి, ప్రెసిపిటేషన్ ఆగి, యీల్డ్ స్ట్రెంగ్త్ (శాశ్వతంగా వంగడం మొదలయ్యే ఒత్తిడి) తగ్గుతుంది. హార్డ్‌నెస్ తగ్గిన ముక్కల్ని 870 దగ్గర నార్మలైజ్ చేసి (మళ్లీ వేడిచేసి గాలిలో చల్లార్చి) సరిదిద్దుదామంటే కుదరదు. ఆ వేడికి నైట్రైడ్ చాలావరకు కరగదు, బలం ఇంకా దిగుతుంది.

నార్మలైజ్డ్ ప్లేట్‌కు

0.15 శాతం కార్బన్, 0.006 శాతం నైట్రోజన్ ఉన్న ప్లేట్‌ను 900 డిగ్రీల దగ్గర ఉంచితే, 0.03 శాతం నయోబియంలో కరిగేది 0.002 మాత్రమే. 0.08 శాతం వెనేడియంలో దాదాపు 0.07 కరుగుతుంది. బలం కావాలంటే వెనేడియమే. నయోబియం ఇక్కడ గ్రెయిన్ సన్నగా ఉంచుతుంది, ఇంపాక్ట్ విలువలకు (దెబ్బను తట్టుకునే శక్తికి) అది మంచిదే. అయితే సోకింగ్ (ఆ వేడిలో ఉంచే సమయం) అవసరానికి మించి పొడిగిస్తే ఆ కణాలు ముదిరి, ఆ పట్టూ సడలుతుంది.

హాట్ రోలింగ్‌కు

ఇక్కడ నయోబియానిదే పైచేయి. 1,200 దగ్గర కరిగించి, చివరి పాస్‌లు సుమారు 950 కింద కొడితే, రోలింగ్ ఒత్తిడికి పుట్టే నయోబియం కార్బోనైట్రైడ్‌లు (కార్బన్, నైట్రోజన్ రెండూ కలిసిన కణాలు) రీక్రిస్టలైజేషన్‌ను, అంటే కొత్త గ్రెయిన్‌లు పుట్టడాన్ని, ఆపేస్తాయి. వెనేడియం ఆ పని చేయదు.

టైటానియం సంగతి

టైటానియం నైట్రైడ్ 1,250లో కూడా కరగదు. రీహీటింగ్‌లో గ్రెయిన్‌కు కాపలా అదే. కానీ 1 వంతు నైట్రోజన్‌ను కట్టడానికి బరువులో 3.42 వంతుల టైటానియం కావాలి. దీని మోతాదు మించితే ద్రవంలోనే పెద్ద కణాలు పుడతాయి. పాలిష్ చేసి, ఎచ్ చేయని (యాసిడ్‌తో తినిపించని) శాంపిల్‌లో మైక్రోస్కోప్ కింద బంగారు-నారింజ రంగులో, పదునైన అంచుల చతురస్రాల్లా కనిపిస్తాయి. పగుళ్లు అక్కడినుంచే మొదలవుతాయి, ఏ హీట్ ట్రీట్‌మెంటూ వాటిని తీయలేదు.

వెనేడియం స్టీల్‌లో దీన్ని కలిపేముందు రిపోర్టులో నైట్రోజన్ అంకె చూడాలి. 0.015 శాతం టైటానియం సుమారు 44 పీపీఎం (పది లక్షల్లో 44 వంతులు) నైట్రోజన్‌ను మింగేస్తుంది. 150 పీపీఎం ఉన్న ఫోర్జింగ్ స్టీల్‌కు ఇది ఫరవాలేదు. 50 పీపీఎం ఉన్న ప్లేట్‌లో వెనేడియానికి మిగిలేది దాదాపు సున్నా. అలాంటప్పుడు టైటానియం మానేయాలి, లేదా వెనేడియం నైట్రైడ్ రూపంలో వేసి నైట్రోజన్ పెంచాలి.