మొదటి చలికాలంలో ముక్కులోకి నీళ్ళొచ్చాయి: సీప్యాప్‌తో నా రెండేళ్ళు

ముందే చెప్పేస్తాను. నిద్రలో ఊపిరి ఆగిపోకుండా రాత్రంతా మాస్కులోంచి గాలి ఊదే నా సీప్యాప్ మెషీన్ మీద నాకు కోపం లేదు. దాని పక్కన అతుక్కుని కూర్చునే నీళ్ళ తొట్టి మీదే కోపమంతా. అదే, ఊదే గాలికి తేమ కలిపే హ్యుమిడిఫయర్ అంటారే, దాని మీద. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, తొట్టితో పాటు దానికి తగిన గొట్టం కూడా కావాలని గట్టిగా చెప్పని అమ్మకందారు మీద.

మెషీన్ ఏ కంపెనీదో రాయను. ప్రెషర్ తనంతట తనే సర్దుకునే ఆటో రకం, తొట్టి ఉన్నది. నాకు జరిగింది ఏ కంపెనీ మెషీన్‌తోనైనా జరిగేదే కాబట్టి పేరుతో పని లేదు.

నాకు గురక వస్తుందంటే చాలాకాలం నమ్మలేదు. మా ఆయన నిద్రపోతే పిడుగు పడ్డా లేవరు, కాబట్టి ఇంట్లో సాక్షి లేడు. పొద్దున్నే తలనొప్పి, మధ్యాహ్నానికి ఒళ్ళు తేలిపోవడం, రాత్రి మూడుసార్లు బాత్రూమ్‌కి లేవడం, అన్నిటినీ యాభై దాటిన వయసు ఖాతాలో రాసేసుకున్నాను. సెలవులకు వచ్చిన మా అమ్మాయి ఒక రాత్రి నా పక్కన పడుకుని ఫోన్‌లో రికార్డు చేసింది. గురక సంగతి సరే. గురక ఉన్నట్టుండి ఆగిపోయింది. లోపల గడియారం టిక్కుటిక్కుమనడం తప్ప ఏమీ లేదు. నేను వేళ్ళు మడుచుకుంటూ లెక్కపెట్టాను, ఇరవై మూడు. ఆ తర్వాత నీళ్ళలో మునిగి పైకి తేలిన మనిషిలా ఒక్క పెద్ద ఊపిరి. అది నేనే.

ఇంట్లోనే ఒక రాత్రి టెస్ట్ చేయించుకుంటే గంటకు 34 వచ్చింది. కనీసం 10 సెకన్ల పాటు ఊపిరి ఆగడాలూ, తగ్గడాలూ గంటకు ఎన్నన్నది ఆ లెక్క. 5 లోపు ఉంటే మామూలు, 30 దాటితే తీవ్రం. ఆడవాళ్ళకు ముట్లు ఆగిపోయాక స్లీప్ అప్నియా అనే ఈ జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుందని డాక్టరు గారు చెప్పినప్పుడు, అన్నేళ్ళు వయసును తిట్టుకున్నది పూర్తిగా తప్పేం కాదని కాస్త ఊరట కూడా కలిగింది.

మెషీన్ ఎంచుకోవడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ తప్పు ప్రశ్నలే అడిగాను. శబ్దం ఎంత, బరువు ఎంత, యాప్ ఉందా, తెర రంగులదా. బంధువుల ఇంట్లో ఒకరు వాడి పక్కన పెట్టిన మెషీన్ ఇస్తామన్నారు, వద్దన్నాను. 2021 జూన్‌లో ఫిలిప్స్ వాళ్ళు శబ్దం తగ్గించడానికి లోపల పెట్టిన నురుగు ముక్క పొడిపొడిగా రాలుతుందని లక్షల మెషీన్లు వెనక్కి పిలిచిన సంగతి చదివి ఉన్నాను. ఆ మెషీన్ ఏదో, ఎన్నాళ్ళు వాడారో వాళ్ళకే గుర్తులేదు. అది మాత్రం నేను చేసిన మంచి పని.

బిల్లు రాస్తూ అమ్మకందారు అన్నమాట నాకింకా గుర్తుంది. "హీటెడ్ ట్యూబ్ విడిగా తీసుకోవాలి మేడమ్. గది మరీ చల్లగా ఉంటే తప్ప అక్కర్లేదు, మామూలు ట్యూబ్ మెషీన్‌తో పాటే వస్తుంది." మరీ చల్లగా అంటే ఎంతండీ అని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. మా పడగ్గది ఉత్తరం వైపు ఉంటుంది, పైగా మా ఆయనకు ఫ్యాను పూర్తి వేగంతో తిరగనిదే నిద్ర పట్టదు. ఈ రెండు ముక్కలు ఆ రోజు నా నోటి నుంచి వచ్చి ఉంటే ఈ సమీక్ష సగం నిడివితో అయిపోయేది.

మొదటి నెల గురించి అబద్ధం చెప్పను, స్వర్గమే. నాలుగో రోజుకి పొద్దుటి తలనొప్పి పోయింది. దానికంటే నన్ను ఆశ్చర్యపరిచింది బాత్రూమ్ సంగతి. రెండో వారంలో ఒక రోజు కళ్ళు తెరిచేసరికి తెల్లారిపోయి ఉంది. రాత్రి ఒక్కసారి కూడా లేవలేదు! షుగర్ టెస్టులు చేయించుకున్నాను, సాయంత్రం ఆరు తర్వాత నీళ్ళు తాగడం మానేశాను, ఏదీ పనిచేయని చోట ముక్కులోకి గాలి ఊదే డబ్బా పనిచేసిందేమిటి? తర్వాత డాక్టరు గారు చెప్పారు. గొంతు మూసుకుపోయినా ఛాతీ మాత్రం గాలి కోసం లాగుతూనే ఉంటుంది. ఆ లాగుడికి గుండె గదులు సాగుతాయి. ఒంట్లో నీరెక్కువైందనుకుని, బయటికి పంపమంటూ గుండె ఒక హార్మోన్‌తో కిడ్నీలకు కబురు పెడుతుంది. పాపం కిడ్నీలు చెప్పిన పని చేస్తాయి. మనం లేచి నడుస్తాం. అన్నేళ్ళూ నేను మూత్రం కోసం మెలకువ వచ్చిందనుకున్నాను.

ఆ ఊపులో కనపడ్డవాళ్ళందరికీ మెషీన్ గొప్పలు చెప్పాను. ముఖ్యంగా తొట్టి గొప్పలు. గాలి గోరువెచ్చగా, తడిగా వస్తుంది, ముక్కు ఎండదు, హాయి అని. చెప్పినప్పుడు అది నిజమే. అప్పుడు ఎండాకాలం.

చలి మొదలయ్యాక పొద్దుటికల్లా ముక్కు ఎండినట్టు అనిపించడం మొదలైంది. నా మెషీన్‌లో తేమకి 1 నుంచి 8 దాకా అంకెలున్నాయి. 4 లో ఉన్నదాన్ని 5 చేశాను, వారం తర్వాత 6, ఆ తర్వాత 7. బాగానే ఉంది. ఒక రాత్రి, మూడు గంటలప్పుడేమో, కలలో ఎవరో నా చెవి దగ్గర హుక్కా పీలుస్తున్నారు. గుడగుడ, గుడగుడ. అటు తిరిగి పడుకున్నాను. తిరగడమే పొరపాటు. గొట్టం వంపులో నిలిచి ఉన్న నీళ్ళు ఒక్కసారిగా మాస్కులోకి దిగి నేరుగా ముక్కులోకి ఎక్కాయి.

చెరువులో ఈత రాక మునిగినవాళ్ళకి ఆ మంట తెలుస్తుంది. మాస్కు ఊడబెరికాను. ఊడబెరికితే మెషీన్ ఊరుకుంటుందా? లీక్ అవుతోంది కాబోలని ఇంకా గట్టిగా ఊదింది. మాస్కులో మిగిలిన నీళ్ళు తుంపర్లుగా వెళ్ళి మా ఆయన ముఖం మీద పడ్డాయి. పిడుగు పడ్డా లేవని మనిషి దిగ్గున లేచి కూర్చుని, పైకప్పు వైపు చూస్తూ "స్లాబ్ కారుతోందా?" అన్నారు. నేను దగ్గుతున్నాను, మెషీన్ బుసకొడుతోంది, ఆయన లైటు వేసి మంచం జరపబోతున్నారు.

పొద్దున్నే అమ్మినవాళ్ళకి ఫోన్ చేస్తే తేమ తగ్గించమన్నారు. తగ్గించాను. రెండు రోజుల్లో ముక్కు ఎండి మూసుకుపోయింది. ముక్కు మూసుకుపోతే నోరు తెరుచుకుంటుంది. నాది ముక్కు మీద మాత్రమే కూర్చునే మాస్కు. నోరు తెరిస్తే ఊదిన గాలి ఊదినట్టే బయటికి పోతుంది. నాలుక అట్ట ముక్క అయింది. యాప్‌లో గంటకు ఊపిరి ఆగడాల లెక్క రోజూ 2 చూపించేది, ఇప్పుడు 9 చూపించింది. మళ్ళీ ఫోన్ చేశాను. ఈసారి తేమ కొంచెం పెంచమన్నారు. అంటే మళ్ళీ హుక్కా. నలభై రోజులు ఇదే వరస, ముక్కు ఎండటమో మునగటమో. వాటిలో పదకొండు రాత్రులు మాస్కు పెట్టుకోకుండానే పడుకున్నాను. రాత్రి బాత్రూమ్ నడక మళ్ళీ మొదలైంది.

చివరికి దారి చూపింది మా అమ్మాయే. వీడియో కాల్‌లో గది మొత్తం చూపించమంది. "అమ్మా, మెషీన్ అంత ఎత్తున పెట్టావేంటి?" అంది. మంచం తలవైపు అలమరా అరలో పెట్టాను, అందంగా ఉంటుందని. గొట్టం అక్కడి నుంచి కిందికి, నా ముఖం మీదికి దిగుతుంది. వెచ్చటి గాలి చాలా తేమ మోస్తుంది. చల్లటి గొట్టం గోడ తగలగానే అంత మోయలేక వదిలేస్తుంది, చల్లటి నీళ్ళ గ్లాసుకి బయట చెమట పట్టినట్టు. ఆ నీళ్ళు పల్లం వెతుక్కుంటాయి. మా ఇంట్లో అన్నిటికంటే పల్లం నా ముక్కు.

ఆ రోజే మెషీన్‌ని మంచం కంటే తక్కువ ఎత్తున్న స్టూలు మీదికి మార్చాను. దానితో ఏ కొంచెం నీరు చేరినా వెనక్కి తొట్టిలోకే జారుతుంది. పాత ఉన్ని స్వెటర్ ఒకటి ఉంటే దాని చేతులు రెండూ కత్తిరించి, కలిపి కుట్టి, గొట్టానికి తొడిగాను. గొట్టాన్ని దుప్పటి లోపలి నుంచి తీసుకొచ్చాను. ఖర్చు ఏమీ లేదు. ముప్పావు వంతు సమస్య ఆ రాత్రే పోయింది. నలభై రోజులు ఫోన్‌లో మాట్లాడిన ఇద్దరు టెక్నీషియన్లలో ఒక్కరూ "మెషీన్ ఎక్కడ పెట్టారండీ" అని అడగలేదు. నా కోపం అందుకు.

మిగతా పావు వంతు కోసం హీటెడ్ ట్యూబ్ కొన్నాను. గొట్టం పొడవునా సన్నటి వేడి తీగ ఉంటుంది, గాలి ముక్కు చేరేదాకా చల్లబడదు, కాబట్టి నీరు కట్టదు. పెట్టిన రోజు నుంచి తేమని ఆటోలో వదిలేశాను, అంకెల గొడవే లేదు. కానీ ఇక్కడొక మెలిక ఉంది. మామూలు గొట్టం అయితే చాలావరకు ఏ మెషీన్‌కైనా పడుతుంది. ఇది అలా కాదు, కరెంటు అందే చివర ఒక్కో మెషీన్‌కి ఒక్కోలా ఉంటుంది. ఆ మోడల్‌ది ఆ మోడల్‌కే. మొదటే మెషీన్‌తో కలిపి బేరమాడాల్సిన వస్తువు అది. నేను తర్వాత విడిగా, వాళ్ళు చెప్పిన ధరకి కొన్నాను.

ఆ ట్యూబ్ గురించి మొదట్లో ఇంకెక్కువ పొగిడేదాన్ని. పద్నాలుగు నెలలకి తెర మీద ట్యూబ్ లోపం అని వచ్చి వేడి ఆగిపోయింది. రోజూ పొద్దున్నే ఒకేచోట మడిచి హుక్కుకి తగిలించడం నా తప్పే అయి ఉండొచ్చు. కొత్తది వచ్చేదాకా పది రోజులు మళ్ళీ స్వెటర్ చేతులే ఆదుకున్నాయి. మొదటి నెలలో అందరికీ శబ్దమే లేదని చెప్పిన మాట కూడా కొంచెం సర్దుకోవాలి. మోటార్ శబ్దం ఇప్పటికీ లేదు. కానీ మాస్కు ముందున్న చిన్న రంధ్రాల్లోంచి వదిలిన ఊపిరి బయటికి పోయే శబ్దం ఉంటుంది, నేను పక్కకి తిరిగితే ఆ గాలి మా ఆయన మెడకి కొడుతుంది. మాస్కు మెత్త పాతబడితే కీచుమంటుంది కూడా. అలా కీచుమన్నప్పుడల్లా పట్టీలు బిగించేదాన్ని, ముక్కు మీద ఎర్రటి గీత పడేది తప్ప లీక్ ఆగేది కాదు. మెత్త మారిస్తే ఆగింది.

పగటి నిద్ర పూర్తిగా పోయిందా అంటే, ఏడు గంటలు పడుకున్న రోజు పోతుంది. అయిదు గంటలే పడుకుంటే మెషీన్ మాత్రం ఏం చేస్తుంది?

తొట్టిలో డిస్టిల్డ్ వాటరే వాడుతున్నాను. ప్రయాణంలో మూడు రోజులు కుళాయి నీళ్ళు పోస్తే అడుగున తెల్లటి పొర కట్టింది. తొట్టిలో నీళ్ళుండగా మెషీన్‌ని కదపొద్దని సూచనల పుస్తకంలో రాసి ఉంటుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. వంగితే నీళ్ళు మోటార్ వైపు పోతాయి. నేను ఒకసారి వెంట్రుకవాసిలో తప్పించుకున్నాను.

విసుగొచ్చినప్పుడు నేను సణుగుతుంటే మా అమ్మాయి కోలిన్ సల్లివన్ కథ చెబుతుంది. ఈ వైద్యం కనిపెట్టిన ఆస్ట్రేలియా డాక్టరు. 1981లో అయిదుగురు రోగుల మీద ఫలితాలు ప్రచురించాడు. తొలినాళ్ళలో మాస్కుని రోజూ రాత్రి ముఖానికి జిగురుతో అతికించేవాళ్ళట, పొద్దున్నే పీకేవాళ్ళట. గాలి ఊదేది వాక్యూమ్ క్లీనర్ లాంటి మోటార్. "నీకు పట్టీలే కదమ్మా" అంటుంది. సణగడం ఆ పూటకి ఆపుతాను.

మరి కొనమంటానా? నా సంగతి వేరు, 34 ఉన్న మనిషిని, నాకు వద్దనే వీల్లేదు. నా ప్రెషర్ 9, 10 మధ్య తిరుగుతుంది, ముక్కుతోనే ఊపిరి తీసుకోగలను, గది చల్లన, పక్కన ఫ్యాను ప్రియుడు. మీ గది వెచ్చగా ఉంటే మామూలు గొట్టం సరిపోవచ్చు. తొట్టి ఖాళీగా ఉంచి హాయిగా నిద్రపోయేవాళ్ళూ ఉన్నారు. నోటితో ఊపిరి తీసుకునేవాళ్ళకి నా మాస్కు గురించి రాసింది ఏదీ పనికిరాదు. ఏది కొన్నా, కొనేముందు వారం రోజులు మీ గదిలో, మీ మంచం పక్కన, మీరు పెట్టబోయే ఎత్తులో పెట్టి చూడనిమ్మని అడగండి. నాకు ట్రయల్ ఇచ్చారు. ఎండాకాలంలో ఇచ్చారు.

ఈ ఏడు చలి అప్పుడే మొదలైంది. కొత్త ట్యూబ్ బాగానే ఉంది. స్వెటర్ చేతులు చిరుగుపట్టాయి, పారేద్దామంటే మా ఆయన ఒప్పుకోవడం లేదు. మంచం పక్క సొరుగులో, తన వైపు, మడిచి పెట్టుకున్నారు.